విదేశీ వైద్య శిబిరానికి నర్సుగా వెళ్లాలంటే: కాగితాల నుంచి కలరా మంచం దాకా

1. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారమండి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదువు శ్రీకాకుళంలో, రిజిస్ట్రేషన్ ఆంధ్రా నర్సింగ్ కౌన్సిల్లో, ఉద్యోగం ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రిలో. ఆరేళ్ల సర్వీసు, అందులో సగం పిల్లల వార్డు. ఆఫ్రికాలో ఏదైనా సేవా సంస్థతో కొన్ని నెలలు నర్సుగా పనిచేయాలని ఉంది. ఏ సంస్థ ఎలాంటి నర్సును తీసుకుంటుంది? కాగితాల్లో ముందు ఏది పట్టుకోవాలి? మన వార్డుల్లో అలవాటైన పద్ధతి అక్కడ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది? తెలిసినవాళ్లు లెక్కలతో సహా చెప్పండి.

2. గోపాలపూర్ తీరం (బరంపురం)

సిస్టర్, "స్వచ్ఛంద సేవ" అనే ఒక్క మాట కింద రకరకాల ఏర్పాట్లు ఉన్నాయి. ముందు వాటిని విడదీసుకోండి.

ఎంఎస్ఎఫ్, అంటే 1971లో ఫ్రాన్స్‌లో మొదలైన సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, నర్సుకు నెలనెలా డబ్బు ఇస్తుంది. టికెట్, బస, బీమా, టీకాలు కూడా వాళ్లవే. బదులుగా రిజిస్ట్రేషన్ తరవాత కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలి. మొదటిసారి వెళ్లేవాళ్లను తొమ్మిది నుంచి పన్నెండు నెలలు ఉండమంటారు. మర్సీ షిప్స్ తీరు పూర్తిగా వేరు. వాళ్ల ఆసుపత్రే ఓడ. గ్లోబల్ మర్సీ అనే ఓడలో ఆరు ఆపరేషన్ థియేటర్లు, 199 పడకలు ఉన్నాయి. అక్కడ డాక్టర్లు, నర్సులు, వంటవాళ్లు దాదాపు అందరూ సొంత ఖర్చు మీద వచ్చినవాళ్లే. విమానం టికెట్ మనదే. ఆపరేషన్ స్మైల్‌వి గ్రహణం మొర్రి శస్త్రచికిత్సల శిబిరాలు, వారం రెండు వారాలు. పిల్లల అనస్తీషియా రికవరీలో చేయి తిరిగినవాళ్లకే అక్కడ పని. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లకు జీవన భృతి వస్తుంది. స్పెషలిస్టు కోవలో వెళ్లాలంటే 27 ఏళ్లు నిండాలి.

మీ అనుభవానికి ఎంఎస్ఎఫ్ తరహా పని దగ్గరగా ఉంటుంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. బయటి నుంచి వెళ్లిన నర్సు అక్కడ మంచం పక్కన ఇంజెక్షన్లు వేసేది తక్కువ. స్థానిక నర్సులకు డ్యూటీలు వేయడం, మందుల ఇండెంటు రాయడం, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూడడం, కొత్తవాళ్లకు నేర్పడం, ఇదే ఎక్కువ. కాబట్టి బయోడేటాలో "పిల్లల వార్డులో మూడేళ్లు" అని రాసి ఆపేయకండి. ఎన్ని పడకలు, షిఫ్టుకు ఎంతమంది, ఎవరికి శిక్షణ ఇచ్చారు, స్టాకు రిజిస్టర్ ఎన్నాళ్లు చూశారు, రాత్రి ఒంటరి డ్యూటీలో ఏ నిర్ణయాలు మీ చేతిలో ఉండేవి, అన్నీ అంకెలతో రాయండి.

ఇవన్నీ రిజిస్టర్డ్ నర్సు అర్హతతో తీసుకునే పోస్టులు, అంటే జీఎన్ఎం లేదా బీఎస్సీ. ఏఎన్ఎం (సహాయక నర్సు-మంత్రసాని కోర్సు) చెల్లెళ్లు ఎవరైనా చదువుతుంటే, మీ దగ్గర డబ్బు తీసుకుని నర్సు పోస్టు ఇప్పిస్తానన్న వాడిని నమ్మకండి.

3. ప్రాణహిత (సిరొంచ)

ఆ ఆఖరి మాట పట్టుకుని నేనొకటి చెప్త. మన దిక్కు గల్ఫ్ ఏజెంట్లు ఇప్పుడు "వాలంటీర్ నర్సు" అని కొత్త పేరు పెట్టి తిరుగుతున్నరు. విజిట్ వీసా మీద పంపి, అక్కడ దిగినంక పనిల పెడ్తమంటరు. ఎమిగ్రేషన్ చెక్ (పని మీద దేశం విడిచే ముందు ప్రభుత్వ తనిఖీ) అవసరమైన 18 దేశాలకు నర్సు ఉద్యోగం మీద పోవాలంటే 2015 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలె. తెలంగాణల టామ్‌కామ్, ఆంధ్రాల ఓంక్యాప్, కేరళల నోర్కా, ఒడెపెక్ అసొంటివి. పాస్‌పోర్టు మీద ఈసీఎన్ఆర్ (ఆ చెక్ అక్కర్లేదని) ఉన్నా నర్సులకు ఈ నియమం తప్పదు. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సర్వీస్ చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దు.

సంస్థ అసలుదో కాదో ఎట్ల తెలుసుకోవాలె? అసలు సంస్థ ఇంటర్వ్యూల నర్సింగ్ ప్రశ్నలు అడుగుతది. పోయే దేశంల తాత్కాలిక లైసెన్సు ఎవరు తీస్తరో, ఏ వీసానో ముందే రాసిస్తది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తన దగ్గర ఉంచుకోదు. ఫీజు అడిగినంత మాత్రాన మోసం అనుకోవద్దు, అసలు సంస్థ కూడా ఫీజు తీసుకోవచ్చు. కానీ అది ఎంతో, దేనికో వెబ్‌సైట్ల అందరికీ కనపడేటట్టు ఉంటది. ఒకరి సొంత ఫోన్‌పేకు పంపమంటే అక్కడికే ఆపెయ్యాలె.

4. వంశధార (గుణుపురం)

రెండు వారాల శిబిరాల వల్ల అక్కడివాళ్లకు ఏం ఒరుగుతుందండి? వెళ్లి దారి తెలుసుకునేసరికే తిరుగు టికెట్. నా ఉద్దేశంలో ఆరు నెలలకు తక్కువైతే వెళ్లకపోవడమే మేలు.

5. గోపాలపూర్ తీరం (బరంపురం)

వార్డు నర్సుకైతే మీ మాట నిజమే. థియేటర్, రికవరీ నర్సుకు కాదు. మొర్రి ఆపరేషన్‌లో మత్తు దిగుతున్న పిల్లవాడి ఊపిరిదారి కాపాడే పని ఏ దేశంలోనైనా ఒకటే, మొదటి రోజు నుంచే చేయి ఉపయోగపడుతుంది. చిన్న శిబిరాన్ని తూచాలంటే ఒకే ప్రశ్న అడగండి: "మీరు వెళ్లిపోయాక పదో రోజున కుట్లు విడిపోతే ఆ పిల్లవాడిని ఎవరు చూస్తారు?" జవాబుగా ఫలానా ఆసుపత్రి, ఫలానా సర్జన్ అని చెప్పగలిగితే వెళ్లవచ్చు. నీళ్లు నమిలితే వద్దు.

6. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అర్థమైందండి. నాది వార్డు పనే కాబట్టి తొమ్మిది నెలలకే చూస్తాను. మరి ప్రభుత్వ ఉద్యోగికి అనుమతి సంగతి?

7. గోపాలపూర్ తీరం (బరంపురం)

ఇది చాలామంది ఆఖరున చూసుకుని ఇరుక్కునే చోటు.

సెలవు మంజూరు వేరు, దేశం దాటడానికి అనుమతి వేరు. రెండూ సీడీఎంఓ (జిల్లా ముఖ్య వైద్యాధికారి) ఆఫీసు ద్వారా భువనేశ్వర్ వెళ్లి రావాలి. అవి కాక మూడోది ఉంది. సంస్థ మీ టికెట్, బస భరిస్తుంటే అది విదేశీ ఆతిథ్యం కిందికి రావచ్చు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010లోని 6వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి లేకుండా విదేశీ ఆతిథ్యం తీసుకోకూడదు. ప్రభుత్వ కార్పొరేషన్ల ఉద్యోగులకూ ఇదే వర్తిస్తుంది. ఎఫ్‌సీ-2 ఫారం ఆన్‌లైన్‌లో పెట్టాలి, మీ శాఖ అనుమతి దానికి జతచేయాలి. అంటే శాఖ కాగితం రానిదే ఇది కదలదు. ఆహ్వాన పత్రంలో ఏ ఖర్చు ఎవరిదో స్పష్టంగా రాయించుకోండి, మీకిది వర్తిస్తుందా లేదా అన్నది ఫైలు చూసేవాళ్లు ఆ కాగితాన్ని బట్టే తేలుస్తారు.

ఇక పేర్లు. మన సరిహద్దు ఊళ్లవాళ్ల కష్టమంతా ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంట్లో లక్ష్మి. ఒడిశా బోర్డు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు "ఎల్ ఏ ఎక్స్ ఎం ఐ". శ్రీకాకుళంలో చదివిన జీఎన్ఎం సర్టిఫికెట్‌లో "ఎల్ ఏ కే ఎస్ హెచ్ ఎం ఐ". కౌన్సిల్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. పెళ్లయితే ఆధార్‌లో మరో ఇంటిపేరు. మన కంటికి అంతా ఒకే మనిషి. విదేశీ నర్సింగ్ కౌన్సిల్ గుమస్తాకు నలుగురు.

పాస్‌పోర్టును మూలంగా పెట్టుకోండి. టికెట్, వీసా, ఎల్లో ఫీవర్ కార్డు మూడూ దాన్నే అనుసరిస్తాయి. కౌన్సిల్ రికార్డును పాస్‌పోర్టుకు సరిపోయేలా సవరించమని దరఖాస్తు పెట్టండి. నెలలు పట్టే పని కాబట్టి అన్నిటికన్నా ముందు దీన్ని మొదలుపెట్టాలి. ఒకటి రెండు అక్షరాల తేడా మాత్రమే ఉంటే "ఇద్దరూ ఒకరే" అని నోటరీ అఫిడవిట్ చాలాచోట్ల నడుస్తుంది. ఇంటిపేరే మారితే నడవదు.

దీని తరవాతే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్. మీ మీద క్రమశిక్షణ చర్యలేవీ లేవని కౌన్సిల్ ఇచ్చే కాగితం ఇది. చాలాచోట్ల దీన్ని మన చేతికివ్వరు, కౌన్సిల్ నుంచి నేరుగా అవతలి సంస్థకే వెళ్లాలి. కొన్ని నెలలే చెల్లుతుంది కాబట్టి తొందరపడి తీసుకోవద్దు. మీకు రెండు రాష్ట్రాలతో లంకె ఉంది కనుక చదివిన రాష్ట్రం కౌన్సిల్‌దీ, పనిచేస్తున్న రాష్ట్రం కౌన్సిల్‌దీ రెండూ అడుగుతారని సిద్ధపడండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే ఎన్‌యూఐడీ నంబరు లేకపోతే ఈలోగా తీసుకోండి.

8. ప్రాణహిత (సిరొంచ)

మా దిక్కోళ్లకు ఇంకొకటి. 2014కు ముందు ఉమ్మడి రాష్ట్రంల చదివి, ఇప్పుడు మహారాష్ట్రల పనిచేసేటోళ్లు శానమంది ఉన్నరు. మీ పాత రికార్డు ఇప్పుడు హైదరాబాద్ కౌన్సిల్ల ఉన్నదా, ఆంధ్రా కౌన్సిల్ల ఉన్నదా ముందుగాల తేల్చుకోవాలె. లేకుంటే ముంబై, హైదరాబాద్, విజయవాడ మధ్య కాగితం తిరుగుతనే ఉంటది.

9. కొలాబ్ (జయపురం)

టీకాల సంగతి నేను చెబుతాను.

ఎల్లో ఫీవర్ టీకా ఒక్క డోసు, 0.5 మి.లీ. వేసిన పది రోజుల తరవాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 జూలై 11 నుంచి అది జీవితాంతం పనికొస్తుంది. మీకు దగ్గర విశాఖలోని పోర్ట్ హెల్త్ ఆఫీసు. గుణుపురం-విశాఖ పాసింజరు మీ ఊరి మీదుగానే పోతుంది. సిరొంచ వాళ్లకు హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ప్రభుత్వ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ). కొన్ని కేంద్రాలు వారంలో ఫలానా రోజుల్లోనే వేస్తాయి. కారణం వయల్‌లో (చాలా డోసులుండే మందు సీసాలో) ఉంది. కలిపిన తరవాత ఆరు గంటల్లో పారేయాలి కాబట్టి మనుషులు పోగైన రోజునే తెరుస్తారు. ముందు రోజు పేరు నమోదు చేసుకుని, ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లండి. గుడ్డు అలర్జీ, గర్భం, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. ఇది బతికున్న వైరస్ టీకా. ఎంఎంఆర్ లాంటి మరో లైవ్ టీకా వేసుకోవాలంటే రెండూ ఒకే రోజు వేయించుకోవాలి, కుదరకపోతే నాలుగు వారాలు ఎడం ఉంచాలి. ఈ సర్టిఫికెట్ ఉండే పసుపు పుస్తకం చేతి సంచిలోనే ఉండాలి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్ చేస్తారు.

హెపటైటిస్-బి మూడు డోసులు 0, 1, 6 నెలలకు. డోసులు వేసుకున్న నర్సులు బోలెడుమంది, టైటర్ (రక్తంలో రక్షణ ఎంతుందో చెప్పే అంకె) చూసుకున్నవాళ్లు తక్కువ. ఆఖరి డోసు తరవాత ఒకటి రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ చూస్తే 10కి తగ్గకూడదు. తగ్గితే ఇంకో విడత వేసుకోవాలి. అక్కడ సూది గుచ్చుకున్న రాత్రి ఈ అంకె మీ ఫైల్లో ఉండాలి. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉన్న మెనింజైటిస్ పట్టీలోకి వెళ్లేవాళ్లకు ఏసీడబ్ల్యూవై టీకా, ఇవి కాక టైఫాయిడ్, టిటనస్, పోలియో బూస్టర్.

జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) పరీక్ష కూడా ఇక్కడే చేయించుకుని వెళ్లండి. మన జిల్లాల్లో ఈ లోపం ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. ఈ లోపం ఉంటే రక్తం విరిచే మలేరియా మందు ప్రైమాక్విన్ ఇవ్వాల్సి వస్తే అక్కడ వెతుక్కునే వీలుండదు.

10. వంశధార (గుణుపురం)

కొలాబ్ గారూ, మనం పుట్టిందే మలేరియా మధ్యలో. అక్కడికి వెళ్లి నివారణ మాత్రలు మింగాలా?

11. నాగావళి (రాయగడ)

మింగాలి చెల్లీ, ఇందులో మొహమాటం లేదు. చిన్నప్పటి నుంచి కుడితే వచ్చే ఓర్పు సగం రక్షణే. కొన్నేళ్లు పట్నంలో ఉంటే అదీ పోతుంది. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం అనే ప్రాణాంతక మలేరియా, క్లోరోక్విన్‌కు లొంగదు. మూడు మందుల్లో ఒకటి ఎంచుకుంటారు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ 250/100 రోజూ ఒకటి, వెళ్లే ముందు ఒకటి రెండు రోజుల నుంచి వచ్చాక ఏడు రోజుల దాకా. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజూ, వచ్చాక నాలుగు వారాల దాకా. మెఫ్లోక్విన్ వారానికి ఒకటి, రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, వచ్చాక నాలుగు వారాలు. నిద్రలేమి, దిగులు, మూర్ఛ చరిత్ర ఉన్నవాళ్లకు మెఫ్లోక్విన్ వద్దు. డాక్సీ చవక, కానీ ఎండకు చర్మం కాలుతుంది. పడుకునే ముందు గుక్కెడు నీళ్లతో మింగితే అన్నవాహికలో పుండు పడుతుంది. నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట నడుం వాల్చకుండా ఉండాలి. చాలామంది తప్పేది ఇంటికొచ్చాక, మాత్రలు అక్కడితో ఆపేసి.

ఇప్పుడు వార్డు. మహేంద్రతనయా, మన అలవాటు ఎక్కడ బెడిసికొడుతుందని అడిగావు కదా. నాకు తెలిసి అది ఎక్కువగా క్లోరిన్ బకెట్ దగ్గర.

2022లో కాశీపూర్‌లో కలరా వచ్చినప్పుడు మన వైపు అందరి చేతుల్లో ఉన్నది బ్లీచింగ్ పౌడర్. అందులో క్లోరిన్ 30 శాతం ఉంటే గొప్ప, సంచి మూతి తెరిచి ఉంటే ఇంకా తగ్గుతుంది. విదేశీ శిబిరంలో ఉండేది హెచ్‌టీహెచ్ అనే గాఢమైన క్లోరిన్ పొడి, 65 నుంచి 70 శాతం. చూడటానికి రెండూ తెల్ల పొడే. 20 లీటర్ల బకెట్‌కు లెక్క చూడు. చేతులకు 0.05 శాతం కావాలి, హెచ్‌టీహెచ్ అయితే 15 గ్రాములు. నేల, మంచం, గంబూట్లకు 0.5 శాతం, అంటే 150 గ్రాములు. అదే మన బ్లీచింగ్ పౌడర్‌తో 0.5 శాతం రావాలంటే దాదాపు 330 గ్రాములు. ఇక్కడి చేతివాటంతో అక్కడ 330 వేస్తే ద్రావణం ఒక శాతం దాటిపోతుంది, కళ్లు మండుతాయి, చర్మం లేస్తుంది, రెండో రోజుకు స్టాఫ్ చేతులు కడగడమే మానేస్తారు. జబ్బు పాకేది అప్పుడే. పొడికి బదులు 1.67 గ్రాముల ఎన్ఏడీసీసీ అనే క్లోరిన్ బిళ్లలు ఉంటే ఒక్కోటి ఒక గ్రాము క్లోరిన్ ఇస్తుంది. 20 లీటర్లకు చేతులకైతే 10, నేలకైతే 100.

ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి, క్లోరిన్ ఇనుమును తినేస్తుంది. రోజూ కొత్తగా కలపాలి. సబ్బు నీళ్లు, ఆసిడ్ ఇందులో పడకూడదు, ఆసిడ్ పడితే విషవాయువు వస్తుంది. బకెట్ల మీద పేరు రాస్తే చాలదు, చేతులదానికి ఒక రంగు, నేలదానికి ఒక రంగు పెట్టండి. రాత్రి రెండు గంటలకు జనరేటర్ ఆగితే అక్షరం కనపడదు.

కలరా మంచం అంటే నడుము భాగంలో రంధ్రం ఉన్న మంచం, కింద కొలత గీతలున్న బకెట్. రోగి ఎంత పోగొట్టుకున్నాడో ఆ గీతలు చెబుతాయి. తీవ్ర డీహైడ్రేషన్‌లో రింగర్ లాక్టేట్ కిలోకు 100 మి.లీ. 50 కిలోల మనిషికి 5 లీటర్లు: మొదటి అరగంటలో లీటరున్నర, తరవాత రెండున్నర గంటల్లో మూడున్నర లీటర్లు. ఏడాది లోపు బిడ్డకు నెమ్మది, కిలోకు 30 మి.లీ. ఒక గంటలో, 70 మి.లీ. ఐదు గంటల్లో. పెద్దవాళ్లకు 16 లేదా 18 నంబరు కాన్యులా, వీలైతే రెండు చేతులకూ. 22 నంబరుతో అరగంటలో లీటరున్నర ఎక్కదు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఇందుకు పనికిరాదు, అందులో ఉప్పు లేదు. తాగగలిగిన నిమిషం నుంచి ఓఆర్ఎస్.

12. నాగావళి (రాయగడ)

మలేరియా గురించి రాయడం మరిచాను. తీవ్ర మలేరియాకు ఇచ్చే ఆర్టీసునేట్ ఇంజెక్షన్ మనకు తెలిసిందే, కానీ కలపడంలో పొరపాట్లు అన్నిచోట్లా ఉంటాయి. 60 మి.గ్రా. వయల్‌లో ముందు దానితో వచ్చిన 1 మి.లీ. సోడియం బైకార్బొనేట్ వేసి తేటపడేదాకా ఆడించాలి. గ్యాస్ పుడుతుంది, సూదితో గాలి వదలాలి. మబ్బుగా ఉంటే పారేయాలి. తేటపడ్డాక నరానికైతే 5 మి.లీ. సెలైన్, అప్పుడు మి.లీ.కు 10 మి.గ్రా. కండకైతే 2 మి.లీ. సెలైన్, మి.లీ.కు 20 మి.గ్రా. రెండింటికీ ఒకటే సిరంజి లెక్క అనుకుంటే డోసు సగమో రెట్టింపో అయిపోతుంది. ఇంజెక్షన్ వాటర్‌తో పలచన చేయకూడదు. గంటలోపు వాడేయాలి. డోసు కిలోకు 2.4 మి.గ్రా., 20 కిలోల లోపు పిల్లలకు 3 మి.గ్రా. పది కిలోల బిడ్డకు 30 మి.గ్రా., అంటే నరానికి 3 మి.లీ. చేరగానే ఒకటి, 12వ గంటకు, 24వ గంటకు, ఆ తరవాత రోజుకొకటి. కనీసం మూడు డోసులయ్యాకే నోటి మాత్రలు. ఒకే ద్రావకంతో వచ్చే కొత్త రకం పెట్టెలు కూడా ఉన్నాయి, వాటి కొలత వేరు, లేబుల్ చదవాలి.

డిశ్చార్జి చేసేటప్పుడు తల్లికి చెప్పి పంపాల్సింది ఒకటుంది. ఆర్టీసునేట్ తరవాత ఒకటి నుంచి మూడు వారాల్లో రక్తం విరిగే అవకాశం ఉంది. బిడ్డ పాలిపోయినా, మూత్రం నల్లగా వచ్చినా వెంటనే తీసుకురమ్మనాలి.

ఆర్డీటీ (మలేరియా కిట్టు పరీక్ష) పాజిటివ్ చూసి "మందు పనిచేయలేదు" అని మళ్లీ మొదలుపెట్టవద్దు. హెచ్ఆర్పీ-2 రకం కిట్టు జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాలు గీత చూపిస్తుంది. అనుమానముంటే స్లైడు.

13. వంశధార (గుణుపురం)

పోషకాహార కేంద్రంలో పనిచేసే చెల్లెళ్ల కోసం నేనూ కాస్త రాస్తాను. చేతి చుట్టుకొలత టేపు అక్కడా ఇదే: ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 115 మి.మీ. లోపు ఎరుపు (తీవ్ర పోషకాహార లోపం), 115 నుంచి 125 లోపు పసుపు (మధ్యస్థం). తేడా పాల దగ్గర. మన దగ్గర చాలా కేంద్రాల్లో పాలు, పంచదార, నూనెతో స్టార్టర్ మనమే కాస్తాం. అక్కడ ఎఫ్-75 (మొదటి దశ పాలు), ఎఫ్-100 (కోలుకునే దశ పాలు) పొడి వస్తుంది. ఒకదాని చెంచా రెండోదానికి వాడకూడదు. కాచే అలవాటుతో పొడిని పొయ్యి మీద పెట్టకూడదు, కాచి కొద్దిగా చల్లార్చిన నీళ్లలో కలపాలి.

ఎఫ్-75 వాపు లేని బిడ్డకు కిలోకు రోజుకు 130 మి.లీ., ఒళ్లంతా వాపు ఉంటే 100. ఏడు కిలోల బిడ్డకు 910 మి.లీ., రెండు గంటలకోసారి పన్నెండు పూటలు, పూటకు సుమారు 75. రాత్రి రెండు, నాలుగు గంటల పూటలే తప్పిపోతాయి, తెల్లారేసరికి బిడ్డ చల్లబడి షుగర్ పడిపోయేది అందుకే. డ్యూటీ చార్టులో ఆ రెండు పూటలకు మనిషి పేరు రాసి పెట్టండి.

విరేచనాలుంటే రీసొమాల్ (బక్కచిక్కిన పిల్లలకు సోడియం తగ్గించిన ఓఆర్ఎస్) కిలోకు 5 మి.లీ. అరగంటకోసారి, మొదటి రెండు గంటలు. ఏడు కిలోలకు 35 మి.లీ. ఊపిరి నిమిషానికి 5, నాడి 25 పెరిగితే ఆపేయాలి, గుండెకు నీరు ఎక్కువవుతోందని అర్థం. సెలైన్ పెట్టాలని చేయి లాగుతుంది, షాక్‌లో లేకపోతే పెట్టకూడదు. అయితే కలరా అనుమానం ఉంటే రీసొమాల్ కాదు, మామూలు ఓఆర్ఎసే, సోడియం అంతగా పోతుంది కాబట్టి.

14. కొలాబ్ (జయపురం)

గాలిలోంచి ఆక్సిజన్ తీసే యంత్రం, కాన్సంట్రేటర్ గురించి. పైపు ఆక్సిజన్ అలవాటైనవాళ్లు దీన్ని గోడకు ఆనించి పెడతారు. గాలి ఆడక వేడెక్కుతుంది, శుద్ధత పడిపోతుంది. చుట్టూ జానెడున్నర ఖాళీ ఉండాలి. దుమ్ము ఫిల్టర్ వారానికోసారి సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి, ఎర్రమట్టి ఊళ్లలో ఇంకా తరచుగా. స్విచ్ వేయగానే బిడ్డకు పెట్టవద్దు, గాఢత రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. 5 లీటర్ల యంత్రానికి స్ప్లిటర్ పెట్టి పసిపిల్లలకు తలా అర లీటరు నుంచి లీటరు చొప్పున పంచవచ్చు. జనరేటర్ ఆగే వేళలు కనుక్కుని, అప్పటికి నిండు సిలిండర్, దాని తాళం చెవి, రెగ్యులేటర్ పక్కన ఉండేలా చూసుకోవాలి. సిలిండర్ ఉండి తాళం చెవి స్టోరులో ఉంటే లేనట్టే.

15. ప్రాణహిత (సిరొంచ)

భాష గురించి ఎవరూ చెప్పలే. చాద్, నైజర్, కాంగో దిక్కు పోవాలంటే ఫ్రెంచ్ ఉండాలె, అది వస్తే ఎంపికల మీ పేరు ముందుకొస్తది. రోగి మాట్లాడేది మాత్రం అదీ కాదు, ఊరి భాష. మన దగ్గర గోండి, కువి, సవర మాట్లాడేటోళ్లతోని దుబాసీ పెట్టుకుని పనిచేసినోళ్లకు ఇది కొత్త కాదు. దుబాసీ మొఖం కాదు, రోగి మొఖం చూసి మాట్లాడాలె. ఒకసారికి ఒకే మాట. "మందు అర్థమైందా" అంటే అందరూ తలూపుతరు. "ఇంటికి పోయినంక ఈ గోలీ ఎట్ల ఇస్తవో నాకు చెప్పు" అనాలె. దుబాసీగ పిల్లలను, మొగున్ని పెట్టుకోవద్దు, కాన్పు సంగతులు, దెబ్బల సంగతులు బయటికి రావు.

16. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. సూది గుచ్చుకుంటే ఏం చేయాలి? తిరిగొచ్చాక ఏం చూసుకోవాలి?

17. నాగావళి (రాయగడ)

గుచ్చుకున్న చోట సబ్బు, పారే నీళ్లు. పిండకూడదు, స్పిరిట్, బ్లీచింగ్ పోయకూడదు. హెచ్ఐవీ మందు రెండు గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజూ ఒకటి, 28 రోజులు. చేరిన మొదటి రోజునే ఆ పెట్టె ఏ బీరువాలో ఉంది, తాళం రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగి తెలుసుకో.

తిరిగొచ్చాక జ్వరం వస్తే మన ఊళ్లో అందరూ "మలేరియా" అని మాత్రలిచ్చి పంపేస్తారు. నువ్వే ముందు నోరు తెరిచి ఏ దేశం నుంచి ఎప్పుడొచ్చావో చెప్పాలి. అదే రోజు రక్తపరీక్ష. సియెర్రా లియోన్ వైపు నుంచైతే లస్సా జ్వరం కూడా ఉంది, మూడు వారాల దాకా పొద్దున సాయంత్రం ఉష్ణోగ్రత రాసుకో. ఈ 21 రోజుల్లో జ్వరం తగిలితే నేరుగా ఓపీ వరసలో నిలబడకుండా ముందు ఫోన్ చేసి వెళ్లాలి. మలావీ సరస్సులో ఈత కొట్టినవాళ్లు షిస్టోసోమా పరీక్ష రెండు మూడు నెలలాగి చేయించుకోవాలి, ముందే చేస్తే తేలదు.

18. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

సోమవారం కౌన్సిల్‌కు పేరు సవరణ దరఖాస్తు, సీడీఎంఓ ఆఫీసులో అనుమతి దరఖాస్తు రెండూ పెడుతున్నాను.

19. గోపాలపూర్ తీరం (బరంపురం)

రెండు ప్రతులు తీసుకెళ్లండి. మీ ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, సీలు వేయించుకోకుండా అక్కడి నుంచి కదలకండి. రెండు నెలల తరవాత ఫైలు ఎక్కడుందని అడగడానికి వెళ్లినప్పుడు వాళ్లు వెతికేది మీ పేరును కాదు, ఆ నంబరును.